తన కోడ్‌ను తానే మార్చుకునే ప్రోగ్రాం: విశాఖ ఆటుపోట్లపై నడిపిన ఒక దీర్ఘకాల ప్రయోగం

తన కోడ్‌ను తానే తిరగరాసుకుంటూ మెరుగయ్యే ప్రోగ్రాం అనగానే, అది ఎలా మారుతుందన్న ప్రశ్నే అందరికీ మొదట తడుతుంది. విశాఖలో, ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ల మీద, ఉద్యోగం పోగా మిగిలిన వేళల్లో ఏళ్ల తరబడి నడుపుతూ వచ్చిన ఈ ప్రాజెక్టులో ఆ ప్రశ్న నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఏ భాగం ఎన్నటికీ మారకూడదో తేల్చుకోవడమే అసలు కష్టం. మార్చే యంత్రాంగం కొద్ది వారాల్లో తయారైంది. మార్పు మంచిదో కాదో తేల్చే యంత్రాంగాన్ని మాత్రం ప్రాజెక్టు సాగినంత కాలం మళ్లీ మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. అందువల్ల ఈ వివరణలో ఎక్కువ భాగం ఆ రెండో పని గురించే ఉంటుంది.

నేను వృత్తిరీత్యా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరును. గాజువాక వైపు ఒక కర్మాగారంలో పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం కొలిచే పరికరాలను సరిచూడడం నా పని. తాను కొలిచే ప్రక్రియ తన రీడింగును పాడుచేయకుండా పరికరాన్ని ఎలా అమర్చాలన్నది మా వృత్తిలో అన్నింటికంటే ముందు నేర్పే సంగతి. మెషీన్ లెర్నింగ్‌లోకి నేను తీసుకువెళ్లిన వృత్తి జ్ఞానం దాదాపు అంతే.

ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రోగ్రాంలను చెట్ల రూపంలో ఉంచి, వాటి కొమ్మలను మార్పిడి చేస్తూ మంచివాటిని ఏరుకునే జెనెటిక్ ప్రోగ్రామింగ్‌ను జాన్ కోజా 1992లో ఒక పెద్ద గ్రంథంగా వివరించారు. అంతకు పదేళ్ల ముందే డగ్లస్ లెనాట్ రూపొందించిన యూరిస్కో అనే ప్రోగ్రాం, సమస్యలను పరిష్కరించే సూత్రాలను మాత్రమే కాక, ఆ సూత్రాలను పుట్టించే సూత్రాలను కూడా మార్చుకునేది. 2003లో యుర్గెన్ ష్మిడ్‌హూబర్ ప్రతిపాదించిన గోడెల్ మెషీన్, ఒక మార్పు వల్ల మేలు జరుగుతుందని గణితపరంగా రుజువు దొరికితేనే తన కోడ్‌ను మార్చుకుంటుంది. ఆ షరతు కాగితం మీద ఎంత అందంగా ఉందో ఆచరణలో అంత అసాధ్యం. ఇంట్లో కూర్చుని పనిచేసేవాడికి రుజువులు దొరకవు, పరీక్షలే దిక్కు.

సమస్యగా ఆటుపోట్లే ఎందుకు

ఇలాంటి ప్రోగ్రాంలు రాసే ఔత్సాహికులు చాలామంది షేర్ల ధరలనో క్రికెట్ ఫలితాలనో సమస్యగా ఎంచుకుంటారు. అక్కడ సరైన జవాబు ఎవరికీ తెలియదు కనుక, ప్రోగ్రాం నిజంగా ఏదైనా నేర్చిందా లేక దానికి అదృష్టం కలిసివచ్చిందా అన్నది ఎప్పటికీ తేలదు. జవాబు నాకు తెలిసి ఉండి, ప్రోగ్రాంకు తెలియకుండా ఉండే సమస్య నాకు కావలసింది. విశాఖవాడు దానికోసం దూరం పోనక్కరలేదు.

మన తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు వెనక్కు తీస్తుంది. చంద్రుడి వల్ల కలిగే ప్రధాన అంశపు ఆవర్తన కాలం, అంటే ఒక ఊపు పూర్తి కావడానికి పట్టే సమయం, 12.42 గంటలు, సూర్యుడి వల్ల కలిగేది సరిగ్గా 12 గంటలు. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో ఈ రెండూ కలిసి పోటు పెరుగుతుంది, అష్టమి ప్రాంతాల్లో ఒకదాన్నొకటి తగ్గించుకుని పోటు మందగిస్తుంది. ఈ చక్రం నిడివి 14.77 రోజులు. చంద్రుడు భూమికి దగ్గరవుతూ దూరమవుతూ ఉండడం వల్ల 12.66 గంటల అంశం ఒకటి, రోజుకు ఒక్కసారి మాత్రమే ఊగే 23.93, 25.82 గంటల అంశాలు మరో రెండు తోడవుతాయి. ఇలాంటి అలలను ఎన్నింటినో కూడి రేపటి పోటును లెక్కగట్టే పద్ధతిని విలియం థామ్సన్, అంటే తరువాతి లార్డ్ కెల్విన్, 19వ శతాబ్దంలోనే స్థిరపరిచారు. పళ్లచక్రాలతో ఆ కూడిక చేసే యంత్రం ఒకటి భారతదేశపు రేవుల కోసం 1879లోనే తయారైంది.

అయితే సముద్రమట్టం గడియారం ఒక్కదానికే లొంగదు. విశాఖ దగ్గర సగటు మట్టం మార్చి, ఏప్రిల్ నెలల్లో తక్కువగాను, అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగాను ఉంటుంది. తీరం వెంబడి ప్రవాహం వసంతంలో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనం ముందు దక్షిణానికి తిరుగుతుంది. గాలులు, వాతావరణ పీడనం, తుఫానులు వీటికి అదనం. అంటే ఒకే రికార్డులో గణితానికి పూర్తిగా దొరికే భాగమూ ఉంది, ఎంత తెలివైన ప్రోగ్రాంకైనా కొంతవరకే దొరికే భాగమూ ఉంది. ఏదైనా ప్రోగ్రాం రెండో భాగాన్ని కూడా చక్కగా చెప్పేస్తున్నట్టు కనిపిస్తే, అక్కడ ఏదో మోసం ఉందని ముందే అనుమానించవచ్చు. ఈ సమస్యను ఎంచుకోవడంలో నాకు కలిగిన అతిపెద్ద లాభం అదే.

సమస్యను ఇలా నిర్వచించాను. బహిరంగంగా దొరికే గంటవారీ సముద్రమట్టం రికార్డు నుంచి గత 30 రోజుల విలువలను, ఆ క్షణపు కాలాన్ని అంచనా ప్రోగ్రాంకు ఇస్తే, రాబోయే 24 గంటల మట్టాలను అది చెప్పాలి.

నిర్మాణం

వ్యవస్థలో మూడు మారే పొరలు, ఒక మారని పొర ఉన్నాయి. అడుగున అంచనా ప్రోగ్రాంలు ఉంటాయి. ప్రతిదీ కూడికలు, గుణకారాలు, సైన్, కొసైన్, పాత విలువల ప్రస్తావనలు, కొన్ని షరతులతో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ఫంక్షన్. వాటి పైన సవరణ నియమాలు ఉంటాయి: ఒక సంఖ్యను కాస్త జరుపు, ఒక కొమ్మను మరో కొమ్మతో మార్చు, ఒక పదాన్ని తొలగించు, ఒక పదాన్ని నకలు తీసి కలుపు. ఈ నియమాలు కూడా అదే చిన్న భాషలో రాసిన అడుగుల వరుసలే కాబట్టి, వాటినీ సవరించవచ్చు. మూడో పొర చేసేది అదే: నియమాలను కలపడం, విడగొట్టడం, మార్చడం. మొదట్లో ఈ మూడో పొర కూడా తనను తాను మార్చుకునేది.

సవరణ ఎలా జరుగుతుందో ఒక్క మాటలో చెప్పాలంటే, పైథాన్‌లోని ఏఎస్‌టీ మాడ్యూల్ ఫంక్షన్‌ను వ్యాకరణ వృక్షంగా విడగొడుతుంది, నియమం ఆ వృక్షంలో ఒక చోటును మారుస్తుంది, మారిన వృక్షం మళ్లీ కోడ్ అవుతుంది. 3.9 వెర్షన్ నుంచి వృక్షాన్ని తిరిగి చదవదగిన కోడ్‌గా మార్చే సౌకర్యం భాషలోనే వచ్చింది, అంతకుముందు దానికి విడి ప్యాకేజీ వాడవలసి వచ్చేది. న్యూరల్ నెట్‌వర్కు బరువుల్లో జరిగే మార్పును కంటితో చూసి అర్థం చేసుకోలేం. ఇక్కడ మాత్రం నిలిచిన ప్రతి సవరణా, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనం చరిత్రలో మామూలు కోడ్ తేడాగా కనిపిస్తుంది. నేను న్యూరల్ నెట్‌వర్కులను పక్కన పెట్టడానికి ప్రధాన కారణం ఈ చదవగలిగే గుణమే. కింద చెప్పబోయే మోసాలేవీ అది లేకపోతే బయటపడేవి కావు.

మారని పొరలో డేటాను అందించే భాగం, మార్కులు వేసే భాగం, ఫలితాలను దాచే డేటాబేసు ఉంటాయి. ఇవి వేరే లైనక్స్ యూజరు ఖాతా కింద, వేరే ప్రాసెస్‌గా నడుస్తాయి. మారే కోడ్‌కు ఈ ఫైళ్లను రాయడానికే కాదు, చదవడానికి కూడా అనుమతి లేదు. నెట్‌వర్కు లేదు. ఒక ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగుతుందో లేదో సాధారణ పద్ధతిలో తేల్చడం సాధ్యం కాదని 1936లోనే ట్యూరింగ్ నిరూపించారు గనుక, ప్రతి ప్రాసెస్‌కూ కాలపరిమితి, మెమరీ పరిమితి విధించి, దాటినదాన్ని చంపివేయడమే మార్గం.

మొదటి ఫలితాలు

ప్రోగ్రాంకు 12.42 అన్న సంఖ్య ఎక్కడా చెప్పలేదు. ఒక సైన్ పదం పుట్టి, దాని ఆవర్తన కాలం సగం రోజు ప్రాంతానికి చేరడం చాలా త్వరగా జరిగిపోయింది. అక్కడి నుంచి ముందుకు కదలకపోవడమే ఆసక్తికరమైన విషయం. పరీక్షకు వాడే కాలఖండం వారం రోజులే ఉన్నంతకాలం, ప్రోగ్రాంలు ఒక్క సైన్ పదంతోనే సరిపెట్టుకున్నాయి, పైగా దాని ఆవర్తన కాలం ఏ వారం ఇస్తే ఆ వారానికి తగ్గట్టు మారేది. అమావాస్య వారమైతే 12.42 కంటే తక్కువ, అష్టమి వారమైతే 12.42 కంటే ఎక్కువ. ఇది ప్రోగ్రాం లోపం కాదు. 12.42, 12 గంటల అలలను వేరు చేసి చూడాలంటే కనీసం 14.77 రోజుల రికార్డు కావాలి. అంతకంటే చిన్న కిటికీలోంచి చూస్తే రెండు అలలు ఒకే అలగా కనిపించడం సహజం. కాలఖండాన్ని నెలకు, తరువాత సంవత్సరానికి పెంచినప్పుడు ఒక పదం రెండైంది, ఆ తరువాత మూడో పదంగా 12.66 దగ్గరిది, నాలుగోదిగా రోజుకొక్కసారి ఊగేది వచ్చాయి.

నేరుగా ఏడాది కాలఖండంతో మొదలుపెడితే మాత్రం శోధన దాదాపుగా నిలిచిపోయేది. రికార్డు పొడుగైన కొద్దీ సరైన ఆవర్తన కాలం చుట్టూ ఉండే మంచి మార్కుల ప్రాంతం సన్నబడుతుంది, సంఖ్యను గుడ్డిగా జరిపే నియమానికి అది తగలదు. చిన్న కిటికీతో మొదలై పెద్ద కిటికీకి పోవడం అందుకే అవసరమైంది.

ఖాళీలను చదివిన ప్రోగ్రాం

ఒక దశలో మార్కులు హఠాత్తుగా పెరిగాయి. పెరిగిన తీరు అనుమానాస్పదంగా ఉంది, ఎందుకంటే మెరుగుదల అన్ని రోజుల్లోనూ కొద్దికొద్దిగా కాక, కొన్ని రోజుల్లో మాత్రమే, అదీ తొలి గంటల్లోనే, దాదాపు పరిపూర్ణంగా కనిపించింది. ఆ ప్రోగ్రాం కోడ్‌ను తెరిచి చూస్తే, మామూలు సైన్ పదాల ముందు ఒక షరతు చేరింది: చివరి మూడు గంటల విలువల రెండో భేదం (వరుస తేడాల మధ్య తేడా) సరిగ్గా సున్నా అయితే, సైన్ పదాలను వదిలేసి, చివరి వాలును అలాగే ముందుకు పొడిగించు.

నిజమైన సముద్రంలో వరుసగా మూడు గంటల మట్టాలు సరిగ్గా ఒకే సరళరేఖ మీద పడడం అరుదు. అలా పడితే ఆ విలువలు పరికరం కొలిచినవి కాకపోవచ్చని అనుమానించాలి. పరికరం ఆగిపోయిన గంటల్లో ఏర్పడిన ఖాళీలను, ఖాళీకి ముందున్న విలువ నుంచి తరువాతి విలువ వరకు సరళరేఖ గీసి నింపడం డేటాను సిద్ధం చేసేటప్పుడు మామూలుగా చేసే పనే. అంచనా వేయవలసిన క్షణం ఆ ఖాళీ మధ్యలో పడితే, ఆ రేఖ వాలులోనే భవిష్యత్తు విలువ దాగి ఉంటుంది. ప్రోగ్రాం సముద్రాన్ని కాక, ఖాళీ నింపిన చేతిని చదివింది. ఏ మనిషీ ఇంత ఓపికగా వెతికి ఉండడు.

ఇందుకు చేసిన మార్పు చిన్నదే. ఖాళీని ఖాళీగానే ఉంచి, అంచనా ప్రోగ్రాంకు అలాగే చూపించి, కొలిచిన విలువ లేని గంటలకు మార్కులు వేయకపోవడం. దాని వెనకే ఇంకో మార్పు కూడా అవసరమైంది. శిక్షణకు, ఎంపికకు వాడే రోజులను గంటల స్థాయిలో కలగలిపి పంచితే, పక్కపక్క గంటల విలువలు దాదాపు ఒకటే కాబట్టి, జవాబు పక్కింట్లోనే దొరికినట్టవుతుంది. అందుకే సంవత్సరాలకు సంవత్సరాలే విడగొట్టాను: కొన్ని శిక్షణకు, కొన్ని ఎంపికకు, కొన్ని సీలు వేసి పక్కకు. సీలు వేసిన సంవత్సరాలను ఎంపిక ప్రక్రియ ఎన్నడూ చూడదు. వాటిని నేను తెరిచిన ప్రతిసారీ వాటి విలువ కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఆ ఫలితం చూశాక నేను చేసే మార్పుల ద్వారా ఆ సమాచారం వ్యవస్థలోకి చేరుతుంది. మారే కోడ్‌ను ఎంత బిగించి ఉంచినా, దాన్ని నడిపే మనిషి ద్వారా సమాచారం లోపలికి పోయే దారి ఎప్పుడూ ఉంటుందన్నది చాలామంది పట్టించుకోని విషయం.

ఇలాంటివి పెద్ద ప్రయోగశాలల్లోనూ జరిగాయి. ప్రోగ్రాంలలోని తప్పులను పరిణామ పద్ధతిలో సరిదిద్దే జెన్‌ప్రోగ్ అనే వ్యవస్థకు వరుసక్రమంలో పెట్టే ప్రోగ్రాంను బాగుచేయమని ఇస్తే, ఫలితం వరుసలో ఉందా లేదా అన్నదొక్కటే పరీక్షించడం వల్ల, అది ఖాళీ జాబితాను తిరిగి ఇచ్చేలా ప్రోగ్రాంను మార్చింది. ఖాళీ జాబితాలో క్రమం తప్పేదేమీ ఉండదు కదా. 2025లో వచ్చిన డార్విన్ గోడెల్ మెషీన్ ష్మిడ్‌హూబర్ అడిగిన రుజువును వదిలి పరీక్షలనే నమ్ముకుని, ఎస్‌డబ్ల్యూఈ బెంచ్ అనే కోడింగ్ పరీక్షలో తన మార్కులను 20 శాతం నుంచి 50 శాతానికి పెంచుకుంది. అదే ప్రయోగంలో, లేని విషయాలను ఉన్నట్టు చెప్పే అలవాటును తగ్గించమని పని ఇచ్చినప్పుడు, ఒక సందర్భంలో ఆ అలవాటును కనిపెట్టే గుర్తులనే తొలగించి మార్కులు సంపాదించుకున్న సంగతిని కూడా పరిశోధకులు దాచకుండా రాశారు.

పేరు కొట్టేసే నియమాలు

రెండో పొర, అంటే సవరణ నియమాలే మారే పొర, మరో రకం తిప్పలు పెట్టింది. ఏ నియమం మంచిదో తేల్చడానికి మొదట పెట్టుకున్న పద్ధతి ఇది: ఒక నియమం తాకిన ప్రోగ్రాం మార్కులు పెరిగితే ఆ నియమానికి ఒక పాయింటు. ఎక్కువ పాయింట్లున్న నియమానికి ఎక్కువ అవకాశాలు. కొంతకాలానికి పట్టికలో పైకి వచ్చిన నియమం, ప్రోగ్రాంలోని ఒక సంఖ్యను లక్షలో ఒక వంతు జరపడం తప్ప మరేమీ చేయదు. ప్రతి పరీక్షా ఎంపిక సంవత్సరాల్లోంచి యాదృచ్ఛికంగా తీసిన వారాల మీద జరుగుతుంది కాబట్టి మార్కుల్లో కొంత ఊగిసలాట ఉంటుంది. ఏమీ మార్చని నియమానికి కూడా ఆ ఊగిసలాట వల్ల సుమారు సగం సార్లు మార్కులు పెరిగినట్టు నమోదవుతుంది. నిజంగా పెద్ద మార్పులు చేసే నియమాలు మాత్రం నూటికి తొంభైసార్లకు పైగా ప్రోగ్రాంను పాడుచేసి, ఎప్పుడో ఒకసారి గొప్ప మేలు చేస్తాయి. పాయింట్ల లెక్కలో అవి ఎందుకూ కొరగానివిగా తేలాయి.

యూరిస్కోలో లెనాట్ ఇంతకంటే గడుసు సూత్రాన్ని చూశారు. ఎక్కడ విలువైన ఆవిష్కరణ కనిపించినా దాని సృష్టికర్తగా తన పేరు రాసుకోవడమే ఆ సూత్రం చేసే పని, దానివల్లనే దాని విలువ పెరిగిపోయింది. యుద్ధనౌకల దళాలను రూపొందించే ట్రావెలర్ అనే ఆట పోటీలో 1981లోనూ 1982లోనూ గెలిచిన వ్యవస్థ అది. అలాంటిదానికే ఈ తెగులు తప్పలేదు.

నేను పద్ధతిని మూడు చోట్ల మార్చాను. తల్లి ప్రోగ్రాంను, సవరణతో దాని నుంచి పుట్టిన పిల్ల ప్రోగ్రాంను ఎప్పుడూ ఒకే వారాల మీద పోల్చాలి. పెరుగుదల వేరే వారాల మీద రెండోసారి కూడా నిలబడాలి. పాయింటు ఎన్నిసార్లు పెరిగిందన్నదానికి కాక ఎంత పెరిగిందన్నదానికి పడాలి. అప్పటి నుంచి పట్టికలో చిల్లర నియమాలు కిందికి దిగి, నేను ఊహించనిది ఒకటి పైకి వచ్చింది.

ఈ మొత్తం ప్రాజెక్టులో స్వయం సవరణ నిజంగా ఫలించిందని నేను ఒప్పుకునేది ఆ ఒక్క నియమం విషయంలోనే కాబట్టి, దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. నేను చేతితో రాసి ఇచ్చిన నియమాల్లో ఒకటి ఒక పదాన్ని నకలు తీసి కలుపుతుంది, మరొకటి ఒక సంఖ్యను కుదిస్తుంది, ఇంకొకటి ఒక సంఖ్యను జరుపుతుంది. మొదటిదాన్ని ఒంటరిగా వాడితే ప్రోగ్రాం చెడిపోతుంది, ఎందుకంటే ఉన్న అల ఒక్కసారిగా రెట్టింపవుతుంది. యాదృచ్ఛికమైన కొత్త సైన్ పదాన్ని పూర్తి ఎత్తుతో చేర్చినా అంతే. మూడో పొర ఈ మూడింటినీ ఒక వరుసలో కూర్చింది: సైన్ పదాన్ని నకలు తియ్యి, నకలు గుణకాన్ని (ఆ అల ఎత్తును నిర్ణయించే సంఖ్యను) సున్నాకు దగ్గరగా కుదించు, దాని ఆవర్తన కాలాన్ని జరుపు, ఆపైన కలుపు. ఇలా చేర్చిన పదం వల్ల ప్రోగ్రాం మార్కులు దాదాపుగా మారవు, కనుక అది వెంటనే వేటుకు గురికాదు. తరువాత మామూలుగా సంఖ్యలను జరిపే నియమం ఆ చిన్న గుణకాన్ని తాకినప్పుడు, ఆ ఆవర్తన కాలంలో నిజంగా ఏదైనా అల ఉంటే అది క్రమంగా పెరుగుతుంది, లేకపోతే ఆ పదం ఏ హానీ చేయకుండా ఉండిపోయి చివరకు తొలగిపోతుంది. 12.66 గంటల అల, రోజువారీ అలలు ఈ దారినే వచ్చాయి. జీవశాస్త్రంలో సుసుము ఓనో 1970లో జన్యువుల నకళ్ల గురించి చెప్పిన సంగతికి ఇది దగ్గరి పోలిక: అసలు ప్రతి తన పని తాను చేస్తుంటే, నకలు స్వేచ్ఛగా మారి కొత్త పని వెతుక్కుంటుంది. ఆ మాట నేను ప్రోగ్రాంకు చెప్పలేదు.

మూడో పొరను ఎందుకు ఆపేశాను

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. ఒక అంచనా ప్రోగ్రాంను కొలవడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఒక నియమం మంచిదో కాదో తెలియాలంటే దాన్ని కనీసం వంద ప్రోగ్రాంల మీద వాడి చూడాలి, అంటే వంద సెకన్లు. నియమాలను మార్చే పద్ధతి మంచిదో కాదో తెలియాలంటే అది పుట్టించిన వంద నియమాలనైనా అలా కొలవాలి. అప్పటికే పదివేల సెకన్లు, అంటే సుమారు మూడు గంటలు అయ్యాయి, వచ్చినదేమో ఊగిసలాటతో నిండిన ఒకే ఒక్క మార్కు. ఆ పద్ధతిని మార్చే పద్ధతిని కొలవాలంటే దీన్ని మరో వందతో గుణించాలి. పొర పైకి వెళ్లిన కొద్దీ మార్పు ప్రభావం పెద్దదవుతుంది, దాని గురించిన సాక్ష్యం మాత్రం పలచబడుతుంది. తెలివి తనను తాను పెంచుకుంటూ పోయి అదుపు దాటుతుందని 1965లో ఐ.జె. గుడ్ రాసిన ఊహ మీద నాకు వ్యక్తిగతంగా అభిప్రాయమేమీ లేదు, కానీ ఇంటి కంప్యూటరు మీద ఆ దారికి అడ్డుపడేది ఈ గుణకారమే. మూడో పొర తనను తాను మార్చుకోవడాన్ని ఆపి, దాన్ని నేను రాసిన రూపంలోనే స్థిరపరిచాక మిగతా రెండు పొరలు ముందుకంటే చురుకుగా మెరుగయ్యాయి.

తిథి

జాలరిపేటలో నాకు పరిచయమున్న ఒక పెద్దాయన ఈ వ్యవహారమంతా విని, "తిథి తెలిస్తే పోటు తెలిసిపోద్ది కదా బాబూ, దానికి ఇన్ని మిషన్లెందుకు?" అన్నాడు. ఆ ప్రశ్నను నేను ప్రయోగంగా మార్చాను. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణంలో 12 డిగ్రీల భాగం. 12, 12.42 గంటల అలల మధ్య దశ తేడా, అంటే ఒకటి మరొకదానికంటే ఎంత వెనకబడిందన్నది, ఆ కోణానికి సుమారు రెండింతలు. అంటే అమావాస్య పోటుకు కారణమైన జ్ఞానమంతా పంచాంగంలోని ఆ ఒక్క అంకెలో ఇమిడి ఉంది. గడియారంతో పాటు ఆ కోణాన్ని కూడా ఇన్‌పుట్‌గా ఇచ్చిన ప్రోగ్రాంలు, గడియారం మాత్రమే ఉన్నవాటి కంటే చాలా ముందుగా, చిన్న కిటికీలతోనే, రెండు అలలనూ పట్టుకున్నాయి. నియమాలు ఎన్ని తరాలు మారినా రాని లాభం, సమస్యను చెప్పే తీరు మార్చడంతో వచ్చింది. ఏ ఇన్‌పుట్ కావాలో ప్రోగ్రాం అడిగే ఏర్పాటు ఈ వ్యవస్థలో లేదు, అది ఉంటే తప్ప దీన్ని పూర్తి స్థాయి స్వయం సవరణ అనడం నాకు కొంచెం అతిగా తోస్తుంది.

సముద్రపు గాలి గురించి ఒక మాట. ఒకసారి ఒకే ప్రోగ్రాంకు, ఒకే డేటా మీద, రెండుసార్లు వేర్వేరు మార్కులు వచ్చాయి. కోడ్‌లో కారణం దొరకలేదు. విశాఖ తీరానికి దగ్గరి ఎంవీపీ కాలనీలో ఇనుప కిటికీ ఊచలకు ఏం జరుగుతుందో తెలిసినవారికి కారణం ఊహించడం కష్టం కాదు: ర్యాం, అంటే కంప్యూటరు మెమరీ, కాంట్యాక్టులకు ఉప్పుగాలి మకిలి పట్టింది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించగానే సమస్య పోయింది. మామూలు ప్రోగ్రాం అయితే ఇలాంటి దోషానికి ఆగిపోతుంది లేదా తప్పు చెబుతుంది. ఎంపిక మీద ఆధారపడిన ప్రోగ్రాం మాత్రం దోషం వల్ల లాభపడిన పిల్లలను ఏరి దాచుకుంటుంది. అప్పటి నుంచి నిలుపుకోదలచిన ప్రతి సవరణా రెండో కంప్యూటరు మీద కూడా అవే మార్కులు తెచ్చుకోవాలి.

భాషా మోడళ్లు వచ్చాక

గూగుల్ డీప్‌మైండ్ నుంచి 2023లో ఫన్‌సెర్చ్, 2025లో ఆల్ఫాఎవాల్వ్ అనే వ్యవస్థలు వచ్చాక, కోడ్‌ను మార్చే పనికి గుడ్డి నియమాల బదులు పెద్ద భాషా మోడల్‌ను వాడడం ప్రధాన మార్గమైంది. ఇంట్లో నడవగల చిన్న ఓపెన్ మోడల్‌ను రెండో పొర స్థానంలో నేనూ పెట్టి చూశాను. మొదటి ప్రయత్నంలోనే అది 12.42, 12, 12.66 గంటల పదాలతో చక్కని ప్రోగ్రాం రాసింది. అది కనుగొనడం కాదు, జ్ఞాపకం. ఆటుపోట్ల పట్టికలు దాని శిక్షణలోనే ఉన్నాయి. జవాబు నాకు తెలియాలి, ప్రోగ్రాంకు తెలియకూడదు అన్న నా మూల షరతు అక్కడే కూలిపోయింది.

షరతును తిరిగి నిలబెట్టడానికి, కాలాన్నంతా ఒక రహస్య సంఖ్యతో గుణించి, ఎత్తులను మరో సంఖ్యతో భాగించి, సముద్రం అన్న మాటే ఎక్కడా లేకుండా కేవలం అంకెల వరుసగా ఇచ్చాను. అప్పుడు మోడల్‌కు సరైన ఆవర్తన కాలాలు దొరకలేదు, కానీ సైన్ పదాల మొత్తం కావాలన్న ఆకృతిని మాత్రం వెంటనే ఊహించింది. ఆకృతి మోడల్ నుంచి, సంఖ్యలు పాత నియమాల నుంచి వచ్చే మిశ్రమ పద్ధతి, రెండింటిలో దేనికంటేనైనా మెరుగ్గా పనిచేసింది.

ఎక్కడి వరకు వచ్చింది

గణితానికి దొరికే భాగంలో, ఉత్తమ ప్రోగ్రాం సంప్రదాయ హార్మోనిక్ విశ్లేషణకు, అంటే పైన చెప్పిన అలల కూడిక పద్ధతికి, దగ్గరగా వచ్చింది, దాన్ని దాటలేదు. దాటుతుందని ఆశించనూ లేదు. దొరకని భాగంలో అది కనుగొన్నది ఒక సాదా సవరణ: నిన్నటి రోజు మట్టం లెక్కకంటే ఎంత ఎక్కువగా ఉందో, ఈరోజూ అందులో కొంత భాగం మిగిలి ఉంటుంది, గంటలు గడిచిన కొద్దీ అది తరుగుతుంది. సముద్రశాస్త్రజ్ఞులకు ఇది పాత విషయమే. చంద్రుడి కక్ష్య వంపు 18.6 ఏళ్లకొకసారి తిరిగి రావడం వల్ల 12.42 గంటల అల ఎత్తు సుమారు 3.7 శాతం మేరకు పెరిగి తగ్గుతుంది. శిక్షణ రికార్డు అంత పొడుగు లేనందున ఏ ప్రోగ్రామూ దాన్ని పట్టుకోలేదు, సీలు వేసిన సంవత్సరాలు ఆ చక్రంలో వేరే చోట ఉన్నప్పుడు ఆ మేరకు తప్పు స్పష్టంగా కనిపిస్తుంది.

తుఫాను రోజుల విషయంలో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పటి లాంటి గంటలను మామూలు గంటలతో కలిపి, తప్పుల వర్గాలను (ప్రతి తప్పునూ దానితోనే గుణించి) కూడి మార్కులు వేస్తే, ఆ కొద్ది గంటలే మొత్తం ఎంపికను శాసిస్తాయి, ఒక్క తుఫానును బట్టీపట్టిన ప్రోగ్రాం మిగతా ఏడాదంతా బాగా చెప్పే ప్రోగ్రాంను ఓడిస్తుంది. అందుచేత తప్పును వర్గం చేయకుండా దాని పరిమాణాన్నే లెక్కించి, తుఫాను గంటలను వేరే పట్టికలో చూపుతున్నాను. ఆ పట్టిక ఎంపికలో పాల్గొనదు. ఉప్పెనను ఊహించడం ఈ ప్రోగ్రాం పని కాదు, గాలి గురించి దానికి ఏమీ తెలియదు, ఎవరైనా ఆ ఉపయోగం కోసం అడిగితే ఇవ్వను.

ప్రస్తుతం నడుస్తున్న రూపంలో అంచనా ప్రోగ్రాంలు, సవరణ నియమాలు మాత్రమే మారతాయి. మూడో పొర స్థిరంగా ఉంది. కొలిచే కోడ్ మొత్తం కలిపి కొద్ది వందల పంక్తులకు మించకుండా, ఒకే విడతలో మొదటి నుంచి చివరి వరకు చదవగలిగేంత చిన్నదిగా ఉంచుతున్నాను, దానిలో ఏ పంక్తి మారినా పాత మార్కులన్నీ రద్దయి అందరు అభ్యర్థులూ మళ్లీ పరీక్షకు వస్తారు. సీలు వేసిన సంవత్సరాల్లో ఇంకా తెరవనివి రెండు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని, ఇన్‌పుట్‌లను ప్రోగ్రామే ఎంచుకునే ఏర్పాటు రాయడం పూర్తయ్యాక, తిథి కోణాన్ని దాచిపెట్టి నడిపే ప్రయోగానికి వాడతాను.